చేపల తొట్టి, పాలకూర మడి

పిల్లలూ,

ఈ నెల మీకు నేను చేసిన తప్పొకటి చెబుతాను. ముప్పయ్యేళ్ళకు పైగా సామాన్యశాస్త్రం పాఠాలు చెప్పినవాడు చేసిన తప్పు గనక మీరు నవ్వుకుంటారేమో. నవ్వండి, ఫరవాలేదు. కాని మా ఇంట్లో నవ్వనివాడు ఒకడున్నాడు. వాడు మా మనవడు, ఆరో తరగతి. ఎందుకంటే చచ్చిపోయినవి వాడి చేపలు.

మేముండేది గోదావరిఖనిలో. ఖని అంటే గనే. పక్కన గోదావరి, కాళ్ళకింద బొగ్గు. రెండూ ఊరి పేరులోనే ఉన్నాయి. మా పెరడు మాత్రం వట్టి మొరం. గడ్డపార వేస్తే ఖంగుమంటుందే గాని దిగదు. మా ఇంట్లో ఆవిడకు ఆకుకూర మడి కావాలి. మనవడికేమో చేపలు కావాలి. చోటు చూస్తే రెండు మంచాలు పట్టేటంత. ఈ తగువు తీర్చడానికి నేను ‘ఆక్వాపోనిక్స్’ అనే పద్ధతి మొదలుపెట్టాను.

పేరు పెద్దదే గాని సంగతి చిన్నది. కింద తొట్టిలో చేపలు ఉంటాయి. పైన కంకర నింపిన మడిలో మొక్కలు ఉంటాయి. మట్టి అక్కర్లేదు. చిన్న పంపు చేపల నీళ్ళను పైకి తోస్తుంది. ఆ నీళ్ళు కంకరలోంచి, వేళ్ళ మధ్యనుంచి కారి మళ్ళీ తొట్టిలోనే పడతాయి. చేపలకు మలినమైనది మొక్కలకు ఎరువు. ఎరువు మొక్కలు తీసుకోగా మిగిలిన నీరు చేపలకు. నీళ్ళు పారబోసే పనిలేదు, ఆవిరైన మేరకు పోస్తే చాలు.

ఇది మరీ కొత్త ఊహేమీ కాదు. అరుణాచల్ ప్రదేశ్‌లో జీరో లోయలో ఉండే అపతానీలు వరిమళ్ళలోనే చేపలు పెంచుతారు. 1980 ప్రాంతం నుంచి అమెరికా వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ అనే ఆచార్యుడు తిలాపియా చేపలతోనూ, నీటిమీద తేలే పలకలలో నాటిన ఆకుకూరలతోనూ ఏళ్ళతరబడి ప్రయోగాలు చేసి లెక్కలు కట్టాడు. 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చిన్న చిన్న పెరళ్ళ వాళ్ళ కోసం లావుపాటి పుస్తకమే ప్రచురించింది. నేను చదివాను. చదివాను గాని, “కొన్ని వారాలు ఆగాలి” అన్నచోట మాత్రం పేజీలు గబగబా తిప్పేశాను!

నిరుడు జూన్‌లో, తొలకరి పడగానే, డ్రమ్ములు తెచ్చి బిగించాను. నల్లా నీళ్ళలో క్లోరిన్ కలుస్తుంది గనక తొట్టి నింపి ఒక రోజు మూత లేకుండా వదిలేశాను. అంతవరకు సరిగ్గానే చేశాను. మర్నాడు 20 బంగారుతీగ చేపపిల్లలు తెచ్చి వదిలాం. మనవడు పిడికెడు మేత వేస్తే అన్నీ ఒక్కసారిగా పైకి వచ్చి గుటకలు వేశాయి. వాడి సంతోషం చూడాలి! పూటకోసారి వెయ్యమన్నాను. వాడు పూటకు మూడుసార్లు వేశాడు. చూస్తూ ఊరుకున్నది నేనే.

నాలుగోనాడు చేపలు మేతకు రాలేదు. పైన తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆరోనాటి పొద్దున 3 చచ్చిపోయి ఉన్నాయి. సగం నీళ్ళు మార్చాను. పదోనాటికి మిగిలినవి 4. వాటిని తెలిసిన రైతు ఒకాయన చేపల కుంటలో వదిలివచ్చాం.

మనవడు ఏడవలేదు. ఖాళీ తొట్టి పక్కన కూర్చుని, “నీళ్ళు తేటగనే ఉన్నయి గద తాతా! అడుగున గులకరాయి గూడ కనబడుతున్నది. మరెందుకు చచ్చిపోయినయి?” అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా గోడ అవతలినుంచి జవాబు వచ్చింది. మా పక్కింటాయన గనిలో సర్దారుగా పనిచేసి రిటైరైనవాడు. మా వైపు బొగ్గుగనిని ‘బాయి’ అంటారు. ఆయన అన్నాడు గదా, “సారూ, గాలి చూడకుంట మనిషిని బాయిల దింపుతమా? నువ్వు నీళ్ళు చూడకుంట చేపల నెట్ల దింపినవ్?”

ఆ మాట నాకు బాగా తగిలింది. షిఫ్టు మొదలయ్యే ముందు సర్దారు తాను లోపలికి పోయి పరీక్షించి వస్తాడు. ఆయన కాలంలో చేతిలో సేఫ్టీ ల్యాంపు ఉండేది. దాని మంట తగ్గించి చూస్తే, మీథేన్ వాయువు ఉన్నచోట మంటపైన లేత నీలం టోపీలాంటిది కనబడుతుంది. మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. చూపుకు గాలి శుభ్రంగానే ఉంటుంది. మా తొట్టిలో నీళ్ళూ అంతే. చూపుకు తేట, లోపల విషం.

ఆ విషం పేరు అమోనియా. చేప తిన్న మేతలో మాంసకృత్తులు ఉంటాయి. వాటిలో నత్రజని ఉంటుంది. ఒంటికి పట్టగా మిగిలిన నత్రజనిని మనమైతే యూరియాగా మార్చి మూత్రంలో వదులుతాం. చేప దాన్ని అమోనియాగానే వదిలేస్తుంది, అదీ ఎక్కువ భాగం మొప్పల గుండా. తినగా మిగిలిన మేత కుళ్ళినా అమోనియాయే పుడుతుంది. నదిలో అయితే కొట్టుకుపోతుంది. 200 లీటర్ల డ్రమ్ములో ఎక్కడికి పోతుంది? మొప్పలు మండి చేప ఉక్కిరిబిక్కిరి అవుతుంది. నీళ్ళు వెచ్చగా ఉన్నా, క్షారగుణం ఎక్కువైనా ఈ విషం ఇంకా తీవ్రమవుతుంది.

ఇక్కడొక తమాషా చూడండి. మా పక్కనే రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ ఉంది. పాత ఫ్యాక్టరీ బొగ్గుతో నడిచేది. 1980లో మొదలై 1999లో మూతబడింది. ఆ స్థానంలో సహజవాయువుతో నడిచే కొత్తది 2021లో పని మొదలుపెట్టింది. రోజుకు 2200 టన్నుల అమోనియా, దానితో 3850 టన్నుల యూరియా తయారుచేసే శక్తి దానికుంది. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే అయినా మొక్కలు దాన్ని నేరుగా తీసుకోలేవు. అంచేత గాలిలోని నత్రజనిని పట్టి, గొప్ప వేడిలో, గాలి ఒత్తిడికి వందరెట్లు మించిన ఒత్తిడిలో ఉదజనితో కలిపి అమోనియా చేస్తారు. అంత శ్రమపడి చేసే పదార్థమే మా డ్రమ్ములో ఊరికే తయారై మా చేపలను చంపేసింది. ఎరువు ఉండవలసిన చోట ఉంటే ఎరువు, లేకపోతే విషం.

మరి నదులలో, చెరువులలో ఈ అమోనియాను మార్చేది ఎవరు? సూక్ష్మజీవులు. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాద్‌స్కీ అనే రష్యా శాస్త్రజ్ఞుడు, స్విట్జర్లాండులోని జూరిచ్‌లో పనిచేస్తూ వీటిని వేరుచేసి చూపించాడు. పని రెండు మెట్లుగా జరుగుతుంది. మొదటి రకం జీవులు అమోనియాను నైట్రైటుగా మారుస్తాయి. ఇదీ విషమే. చేప నెత్తురును గోధుమరంగుకు తిప్పి, ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. రెండో రకం జీవులు ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఇది చేపకు దాదాపు హాని చేయదు, పాలకూరకేమో పాయసం! (రెండో మెట్టు పనివాళ్ళు నైట్రోబాక్టర్ అని మేము చదువుకున్నాం, మీ పుస్తకాల్లోనూ అదే ఉండవచ్చు. మంచినీటి తొట్లలో ఆ పని ఎక్కువగా చేసేది నైట్రోస్పైరా అని తరువాతి పరిశోధనల్లో తేలింది.)

నాకు వీటిమీద ఎంత గౌరవమో చెప్పలేను. మనం బొగ్గును మండించి శక్తి పొందినట్టే ఇవి అమోనియాను ప్రాణవాయువుతో కలిపి, ఆ వచ్చే శక్తితో బతుకుతాయి. వెలుతురంటే పడదు. కంకర రాళ్ళను అంటిపెట్టుకుని చీకట్లో మూడు షిఫ్టులూ పనిచేస్తాయి. మా ఊరివాళ్ళకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

కాని వీటికి ఒక గుణం ఉంది. చాలా నిదానంగా పెరుగుతాయి. మన పేగుల్లో ఉండే ఇ.కోలై అనుకూలంగా ఉంటే 20 నిమిషాల్లో రెట్టింపవుతుంది. వీటికి చాలా గంటలు, ఒక్కోసారి రోజుకు పైగా పడుతుంది. కొత్త తొట్టిలో ఇవి తగినన్ని పుట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. పుస్తకంలో నేను తిప్పేసిన పేజీల్లో ఉన్నది ఇదే. పనివాళ్ళు రాకముందే నేను పని పెట్టేశాను.

జూలైలో మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి మనవడు ఒక షరతు పెట్టాడు. “నువ్వు గాదు తాతా, నీళ్ళు నేను చూస్త.” సరేనన్నాను. అక్వేరియం సామాను అమ్మే దుకాణంలో నీటి పరీక్ష సీసాలు దొరుకుతాయి. గాజు గొట్టంలో కొంచెం తొట్టినీరు పోసి, చుక్కలు వేసి, మారిన రంగును అట్టమీది రంగులతో పోల్చాలి. మేము తెచ్చినదాంట్లో అమోనియా లేకపోతే పసుపు, ఉన్నకొద్దీ ఆకుపచ్చ. నైట్రైటు లేకపోతే నీలం, ఉంటే ఊదా.

చేపలు లేని తొట్టికి రోజూ చిటికెడు మేత వేశాం. అది కుళ్ళి అమోనియా పుట్టాలి గదా! కూరగాయలమ్మి చూసి, “సారుకు ఏమన్నయిందా?” అని మా ఆవిడను అడిగిందట. పాత అక్వేరియం ఉన్న మిత్రుడి దగ్గర రెండు దోసిళ్ళ కంకర తెచ్చి మా కంకరలో కలిపాం. పాలల్లో తోడు వేసినట్టన్నమాట. కడగకుండా, ఎండనివ్వకుండా, తడిగా తేవాలి. ఏ జబ్బూ లేని తొట్టినుంచే తేవాలి.

మనవడి నోటుబుక్కు నా ముందున్నది. ఎనిమిదోరోజు అమోనియా 2, అంటే లీటరు నీటిలో 2 మిల్లీగ్రాములు. పదమూడోరోజు మొదటిసారి నైట్రైటు కనబడింది. ఇరవయ్యారోరోజు అమోనియా సున్న! నేను చొక్కా వేసుకున్నాను, చేపపిల్లల కోసం పోదామని. వాడు గాజు గొట్టం వెలుతురుకు ఎత్తిపట్టి, “ఇది ఇంక ఊదా రంగే ఉన్నది. వద్దు” అన్నాడు. నేను నచ్చజెప్పబోయాను. కొద్దిగా వదులుదాం, నాలుగు వదులుదాం అన్నాను. వాడు కదలలేదు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను. గోడ అవతల సర్దారన్న దగ్గిన చప్పుడు వినబడింది గాని అది దగ్గు కాదని నాకు తెలుసు.

ముప్పయ్యెనిమిదోరోజు నైట్రైటు కూడా నీలానికి దిగింది. నైట్రేటు మాత్రం 40 చూపించింది. ఆ సాయంత్రం వాడే వెళ్దామన్నాడు. ఈసారి 20 కాదు, 8 చేపలు. మేత 5 నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి, మిగిలినది వలతో తీసేయాలి.

మీలో ఎవరైనా చేయదలిస్తే మా అమరిక చెబుతాను. 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు కావాలి. కొనేముందు అందులో ఇదివరకు ఏముండేదో తప్పక అడగండి. తినే పదార్థాలు ఉన్నదైతేనే తీసుకోండి, ఆమ్లాలు, రంగులు ఉన్నది ఎంత కడిగినా వద్దు. ఒకటి చేపలకు. రెండోదాన్ని నిలువునా కోసి రెండు మళ్ళు చేయాలి. కంకర నింపితే ఒక్కో మడి దాదాపు 150 కిలోలు తూగుతుంది. అంచేత కింద గట్టి ఇటుక దిమ్మెలు ఉండాలి. కర్రబల్ల చాలదు.

కంకర బఠాణీకన్నా పెద్దది, ఉసిరికాయకన్నా చిన్నది. దానిమీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుస నురగ వస్తే అందులో సున్నం ఉంది. అటువంటిది వద్దు, నీళ్ళలో క్షారగుణం పెరుగుతుంది. మా చుట్టుపక్కల ఇది మరీ చూసుకోవాలి. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టారంటే సున్నపురాయి ఉండబట్టే గదా! నల్లరాతి కంకర మంచిది. దుమ్ము పోయేదాకా నాలుగైదు నీళ్ళు కడగాలి.

పంపుకు మేము బజారంతా తిరగలేదు. మా ఊరి ఎండలకు కూలరు లేని ఇల్లు అరుదు, కూలరు పంపు దొరకని దుకాణమూ అరుదు. 18 వాట్లది చాలు. లెక్క చేయండి: 18 వాట్లు, 24 గంటలు, 30 రోజులు. నెలకు 13 యూనిట్లకు లోపే. ఒక పంపు అదనంగా కొని ఉంచుకోండి. రాత్రింబవళ్ళు తిరిగేది ఎప్పుడో ఒకప్పుడు ఆగకమానదు. మడిలో నీటిమట్టం కంకర పైభాగానికి అంగుళం కిందే ఉండేటట్టు గొట్టం నిలపాలి. పైన తడి ఉంటే నాచు పడుతుంది, దోమలు గుడ్లు పెడతాయి. మడినుంచి దిగే నీళ్ళు తొట్టిలో ఎత్తునుంచి దబదబ పడాలి. ఆ పడడంలోనే గాలి కలుస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. నీళ్ళ పక్కన కరెంటు పెడుతున్నాం. ప్లగ్గు ఎత్తులో, వాన తగలని చోట ఉండాలి. లీకేజీ అయితే దానంతటదే తెగిపోయే స్విచ్చి పెట్టించండి. పిల్లలు పంపును ముట్టుకునే ముందు ప్లగ్గు పీకడం పెద్దవాళ్ళ పని. డ్రమ్ముమీద గట్టి జాలీ కూడా వేయండి. చేపలు ఎగిరి పడకుండా, పిల్లులు రాకుండా, అన్నింటికన్నా ముఖ్యంగా చంటిపిల్లలు తొంగిచూడకుండా.

చేపల్లో బంగారుతీగ మొరటు ప్రాణి, కొత్తవాళ్ళకు మంచిది. కొర్రమీను మన రాష్ట్ర చేపే, పైకి వచ్చి గాలి పీల్చుకుని బతకగలదు కూడా, కాని తోటి చేపలను మింగేస్తుంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఎవరిచ్చినా తీసుకోవద్దు, దానిమీద నిషేధం ఉంది. మొక్కల్లో పాలకూర, తోటకూర, కొత్తిమీర, పుదీనా బాగా వస్తాయి. టమాటాకు తొందరపడకండి, కాయ కాసేవాటికి ఇంకా చాలా పోషకాలు కావాలి. లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము చాలలేదన్నమాట, చేపల మేతలో అది తక్కువ. పురుగు పడితే చేత్తో ఏరండి. ఆకుమీద చల్లిన మందు చేప నోట్లోకే పోతుంది.

సెప్టెంబరులో ఒక రాత్రి గాలివాన వచ్చింది. కరెంటు పోయింది. నేను గాఢనిద్రలో ఉన్నాను. మనవడు వచ్చి భుజం కుదిపాడు. “తాతా, చప్పుడు ఆగింది.” నీళ్ళు పడే చప్పుడు! ఆ మౌనానికి వాడికి మెలకువ వచ్చింది. టార్చి వేసి చూస్తే 8 చేపలూ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళలో ప్రాణవాయువు తరుగుతున్నది. కంకరలోని మా పనివాళ్ళకూ అదే కావాలి గదా.

చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తునుంచి పోయడం మొదలుపెట్టాం. కాసేపు నేను, కాసేపు వాడు, కాసేపు వాడి బాపమ్మ. చప్పుడు విని సర్దారన్న గొడుగు వేసుకుని వచ్చి, మాట లేకుండా చెంబు అందుకున్నాడు. మనిషికి వంద చెంబుల వంతున, కరెంటు వచ్చేసరికి రెండు గంటలు దాటింది. ఒక్క చేప కూడా పోలేదు. ఆ వారమే బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు కొన్నాం.

అక్టోబరులో మొదటి పాలకూర కోశాం. మా ఊరి గాలిలో ఆకులమీద సన్నని నల్లదుమ్ము పడుతుంది గనక రెండు మూడుసార్లు కడగాలి. పప్పులో వేసి సర్దారన్న ఇంటికీ ఒక గిన్నె పంపాం. ఎండాకాలంలో పైన ఆకుపచ్చ నీడవల కట్టాం, రోజుకు ఒకటి రెండు బిందెల నీళ్ళు ఆవిరయ్యేవి. నీళ్ళు వేడెక్కితే ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది గనక ఆ రెండు నెలలూ మేత తగ్గించాం.

ఇప్పుడు చేపలు జానెడు దాటాయి. పులుసుకు సరిపోతాయని బాపమ్మ అంటుంది. మనవడు జవాబు చెప్పకుండా నోటుబుక్కు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో 8 చేపలకూ 8 పేర్లు రాసి ఉన్నాయి. ఒకదాని పేరు సర్దారు.